అక్షరం విల్నాది, నోరు విలియమ్స్‌బర్గ్‌ది: డుయోలింగో యిడ్డిష్ కోర్సు సమీక్ష

నెల్లూరులో జర్మన్ నేర్పే మాస్టారు దొరుకుతారు. ఐరోపా యూదుల ఇంటి భాష యిడ్డిష్‌కి నెల్లూరే కాదు, కావలి, కందుకూరు, ఒంగోలు దాకా వెతికినా ఎవరూ దొరకరు. ఫోనే దిక్కు. ఫోన్లో పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగిన వాటిలో అందరికీ ముందు కనిపించేది డుయోలింగో అనే భాషల యాప్ 2021 ఏప్రిల్‌లో తెచ్చిన యిడ్డిష్ కోర్సు. మా తీర్పు ముందే చెప్పేస్తాం. అక్షరాలు పట్టుబడటానికి, చెవి అలవాటు పడటానికి, రోజువారీ మాటలు కొన్ని నోటికి రావడానికి కోర్సు బాగానే పనికొస్తుంది. పుస్తకం తీసి చదివే స్థాయికి మాత్రం తీసుకెళ్లదు. రాసేదొకటి పలికేదొకటి అని దీని మీద ఎక్కువమంది వేసే నింద నిజమే. కానీ ఆ తేడా యాప్ పుట్టించింది కాదు. ఆ భాష ఇవాళ బతుకుతున్న తీరే అది. ఆ సంగతి తెలిసి మొదలుపెట్టినవాళ్లు నిలబడతారు, తెలియనివాళ్లు రెండో వారంలో మానేస్తారు.

భాష గురించి కొంచెం చెప్పుకోకపోతే ఆ తేడా ఎక్కడిదో అర్థం కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట రైన్ నది ఒడ్డున ష్పాయర్, వోర్మ్స్, మైన్జ్ పట్టణాల్లో స్థిరపడిన యూదులు చుట్టుపక్కల జర్మన్‌నే మాట్లాడారు. అందులో తమ ప్రార్థనల హీబ్రూ, అరమాయిక్ మాటలు కలిపారు, రాతకి హీబ్రూ లిపి వాడారు. తేదీ తెలిసిన తొలి యిడ్డిష్ వాక్యం 1272 నాటి వోర్మ్స్ ప్రార్థన పుస్తకంలో ఉంది. ఆ బరువైన పుస్తకాన్ని ప్రార్థనాలయానికి మోసుకెళ్లేవాడికి మంచి జరగాలన్న దీవెన అది. పెద్ద అక్షరాల లోపలి ఖాళీల్లో ఇరికించి రాశారు. తర్వాత జనం తూర్పుకి, పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ వైపు వెళ్లాక స్లావిక్ మాటలూ చేరాయి. తాతని పిలిచే 'జేయ్‌డె', అవ్వని పిలిచే 'బోబె' ఆ దారిన వచ్చినవే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యిడ్డిష్ మాట్లాడేవాళ్లు కోటీ పది లక్షలకు పైనే. నాజీలు చంపిన 60 లక్షల యూదుల్లో సుమారు 50 లక్షల మంది ఈ భాషవాళ్లు. సోవియట్ రష్యాలో మిగిలిన రచయితల మీద స్టాలిన్ పడ్డాడు. 1952 ఆగస్టు 12న మాస్కోలో కాల్చి చంపిన 13 మందిలో కవి పెరెట్స్ మార్కిష్, నవలాకారుడు దావిద్ బెర్గెల్సన్ ఉన్నారు. ఇజ్రాయెల్ హీబ్రూని ఎంచుకుంది. అమెరికా చేరినవాళ్ల పిల్లలు ఇంగ్లీషులోకి జారుకున్నారు. ఇప్పుడు మాట్లాడేవాళ్లు ఐదారు లక్షలని కొందరు, పది లక్షల దాకా అని కొందరు అంచనా వేస్తారు. వాళ్లలో ఎక్కువమంది హసీదీలనే సంప్రదాయ యూదులు. బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్, బరో పార్క్, న్యూయార్క్ రాష్ట్రంలో కిర్యస్ జోయెల్, లండన్‌లో స్టాంఫర్డ్ హిల్, బెల్జియంలో ఆంట్వెర్ప్, జెరూసలేంలో మేయా షెయారిమ్, ఇవీ వాళ్లుండే చోట్లు. అక్కడ పసిపిల్లలు ఈ భాషలోనే పోట్లాడుకుంటారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమని యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి కదా, వాళ్లకి యిడ్డిష్ వచ్చా అని అడిగేవాళ్లుంటారు. రెండిటికీ సంబంధం లేదు. యిడ్డిష్ ఐరోపా యూదుల ఇంటి భాష. కొత్తరెడ్డిపాలెం వాళ్ల ఇంటి భాష తెలుగు, ప్రార్థనకి హీబ్రూ.

ఇక అసలు చిక్కుకి వద్దాం. 1925లో ఏర్పడి విల్నా (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) నగరంలో నడిచిన యీవో అనే పరిశోధన సంస్థ 1937లో యిడ్డిష్ రాతకి ఒక నియమావళి తెచ్చింది. 1940లో సంస్థ న్యూయార్క్‌కి మారింది. విశ్వవిద్యాలయాలు, పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు ఇవాళ్టికీ ఎక్కువగా ఆ రాతనే పాటిస్తాయి. డుయోలింగో కూడా రాతని, వ్యాకరణాన్ని ఆ ప్రామాణికం నుంచే తీసుకుంది. వినిపించే ఉచ్చారణ మాత్రం హసీదీల హంగేరీ యాస. అంటే రాత ఒక ఊరిది, మాట ఇంకో ఊరిది.

తేడా ఇష్టం వచ్చినట్టు ఉండదు, దానికో లెక్క ఉంది. ఆ లెక్క ఇక్కడ చెప్తున్నాం. రాతలో 'ఉ' ఉంటే నోట్లో చాలాచోట్ల 'ఇ' అవుతుంది. మంచి అనే 'గుట్' 'గిట్'గా, రావడం అనే 'కుమెన్' 'కిమెన్'గా వినిపిస్తుంది. రాతలో 'ఒ' ఉంటే నోట్లో చాలాచోట్ల 'ఊ' దగ్గరికి పోతుంది. చెప్పడం అనే 'జోగ్న్' 'జూగ్న్' అవుతుంది, పగలు అనే 'టోగ్' 'టూగ్' అవుతుంది. అందమైన అనే 'షేయ్న్' 'షాయ్న్' అయిపోతుంది. నా అనే 'మాయ్న్'లో 'ఆయ్' సాగి 'మాన్' అవుతుంది. చివరి రెండూ కలిసి కొత్తవాళ్లని బోల్తా కొట్టిస్తాయి. రెండు యూద్ అక్షరాలు పక్కపక్కనే ఉండి కింద గీత లేకపోతే పుస్తకం లెక్కన 'ఏయ్', గీత ఉంటే 'ఆయ్'. యాప్ గొంతులో గీత లేనిది 'ఆయ్' అవుతుంది, గీత ఉన్నది 'ఆ' అవుతుంది. కాబట్టి విని టైపు చేసే అభ్యాసాల్లో 'ఆయ్' వినపడితే గీత లేని జంట రాయాలి, 'ఆ' అని సాగదీస్తే గీత ఉన్న జంట ఉండొచ్చేమో చూసుకోవాలి. ఇది ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. సగం తప్పులు తగ్గుతాయి.

ఇంకో గొయ్యి ఉంది. నువ్వు అనడానికి రాతలో 'డు'. యాప్ నోట్లో అది 'డి'. స్త్రీలింగానికి, బహువచనానికి ముందు ఇంగ్లీషు 'ది' లాగా వచ్చే 'డి' కూడా నోట్లో 'డి'నే. వినగానే ఏదో తెలియదు. పక్కన క్రియ ఉందా, నామవాచకం ఉందా చూసి తేల్చుకోవాలి. క్రియ చివర 'స్ట్' ధ్వని ఉంటే అది నువ్వే.

నెల్లూరోళ్లకి నిజానికి ఇదేం కొత్త కాదబ్బా. నోట్లో 'ఉండాడు, వస్తుండాడు', నోటుబుక్కులో 'ఉన్నాడు, వస్తున్నాడు'. బళ్లో ఏ పిల్లాడూ దీనికి తికమకపడడు, ఎందుకంటే రెండూ చిన్నప్పటినుంచి చెవిన పడుతూనే ఉంటాయి. డుయోలింగో తప్పు హసీదీ యాస ఎంచుకోవడం కాదు. నిజంగా పిల్లలు పుట్టి పెరుగుతున్న యాసని ఎంచుకోవడం మెచ్చుకోవాల్సిన పనే. రెండో గొంతు ఒక్కసారి కూడా వినిపించకపోవడమే తప్పు. మందు బయటే ఉంది. పాత యిడ్డిష్ పుస్తకాలని కాపాడే అమెరికా సంస్థ యిడ్డిష్ బుక్ సెంటర్ సైటులో చదివి రికార్డు చేసిన పుస్తకాలు ఉచితంగా వినొచ్చు. చదివేవాళ్లని బట్టి యాస మారుతుంది. యాప్ పాఠం పది నిమిషాలు చేస్తే ఆ రికార్డింగులు ఐదు నిమిషాలు వినాలి, అర్థం కాకపోయినా సరే.

అక్షరాలు నేర్పడం కోర్సులో బాగున్న భాగం. మూల అక్షరాలు 22, మాట చివర రూపం మారేవి 5, గుర్తులు పెట్టినవి మరికొన్ని. యాభై పైచిలుకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు దాటి వచ్చిన మనకి ఇదొక లెక్క కాదు. అయితే అన్నీ ఒకేసారి మింగొద్దు. వేయ్స్, ఖెస్, కోఫ్, సిన్, టోఫ్, సోఫ్ అనే ఆరు అక్షరాలు హీబ్రూ, అరమాయిక్ నుంచి వచ్చిన మాటల్లో మాత్రమే కనిపిస్తాయి. వాటి ధ్వనులన్నిటికీ వేరే మామూలు అక్షరాలు ఉన్నాయి. కాబట్టి ఆ ఆరూ చివరికి వదిలేయండి. మొదట జర్మన్ మూలం మాటలు చదవడం పట్టుబడాలి, ఎందుకంటే అవి పలికినట్టే రాస్తారు, ప్రతి అచ్చుకీ ఒక గుర్తు ఉంటుంది. హీబ్రూ మూలం మాటల పద్ధతి వేరు. వాటిని హీబ్రూలో ఎలా రాస్తారో అలాగే ఉంచేస్తారు, అచ్చులు రాయరు. శనివారపు విశ్రాంతి దినం 'షబెస్'కి షిన్, బేయ్స్, సోఫ్ మూడే అక్షరాలు. కూడబలుక్కుని చదువుదామంటే కుదరదు, ఆకారం మొత్తం కంఠస్థం చెయ్యాలి. వాటికి వేరే నోటుబుక్కు పెట్టుకుని ఎడమన తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం మేలు.

ఫోను తెర చిన్నదైతే డాలెడ్, రేయ్ష్ ఒకేలా కనిపిస్తాయి. బేయ్స్, ఖోఫ్ కూడా అంతే. మాట చివర వచ్చే మెమ్‌కీ సామెఖ్‌కీ మూలల్లోనే తేడా. అలెఫ్ కింద అడ్డగీత ఉంటే 'అ', ఆ గీతకి చిన్న కాడ ఉంటే 'ఒ'. చిన్న అక్షరాల్లో ఆ కాడ కనపడనే కనపడదు. ఫోన్ సెట్టింగుల్లో అక్షరం సైజు రెండు మెట్లు పెంచండి, లేదా కంప్యూటర్లో చెయ్యండి. చేతిరాత అక్షరాలు అచ్చు అక్షరాల్లా ఉండవు, యాప్ వాటి జోలికి పోదు.

ధ్వనుల దగ్గర తెలుగువాళ్లకి కొంత కలిసొస్తుంది. త్సాదెక్ అక్షరం ధ్వని మనం 'చాప', 'చుక్క' అనేటప్పుడు వచ్చే దంత్య చకారం. ఇంగ్లీషువాళ్లు దీనికి తంటాలు పడతారు, మనకి పుట్టుకతో వచ్చింది. ఖోఫ్‌ని మాత్రం మన 'ఖ' అనుకుంటే దెబ్బతింటారు. అది గొంతు గీరుకుంటూ గాలి వదిలే ధ్వని, ఆగి వదిలేది కాదు. జర్మన్‌లో నేను అనే మాట చివర మెత్తగా 'ఇష్'కి దగ్గరగా పలుకుతారు. యిడ్డిష్‌లో అదే మాట 'ఇఖ్', గొంతులోంచే.

జర్మన్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కోర్సు తెరిచే మనవాళ్లలో నర్సింగ్ ఉద్యోగాల కోసం జర్మన్ చదువుతున్నవాళ్లు ఉంటారు. జర్మన్ వచ్చినవాళ్లకి యిడ్డిష్ మాటలు గబగబా తెలిసిపోతాయి. మార్పులకీ ఒక వరస ఉంది. జర్మన్ 'ప్ఫ్' ఇక్కడ 'ప్' అవుతుంది లేదా 'ఫ్' అవుతుంది: ఆప్ఫెల్ 'ఎప్ల్', కోప్ఫ్ 'కోప్', ప్ఫెర్డ్ 'ఫెర్డ్'. పెదాలు గుండ్రంగా పెట్టి పలికే అచ్చులు లేవు: గ్ర్యూన్ 'గ్రిన్' అవుతుంది, షోన్ 'షేయ్న్' అవుతుంది. చివరి 'ఎ' రాలిపోతుంది: ష్ప్రాఖె 'ష్ప్రాఖ్', కాట్సె 'కాట్స్'. యిడ్డిష్ చెడిపోయిన జర్మన్ అనేవాళ్లకి ఒక్క సంగతి చాలు. రాయి అనే ష్టాయ్న్‌లో, నా అనే మాయ్న్‌లో ఉన్న అచ్చులు పాత జర్మన్‌లో వేరువేరు. నేటి జర్మన్ రెంటినీ కలిపేసింది. యిడ్డిష్ 'ష్టేయ్న్', 'మాయ్న్' అని ఇప్పటికీ విడిగా ఉంచింది. పాత జర్మన్ నుంచి రెండు దారులు చీలాయి, అంతే.

వాక్యం దగ్గర మాత్రం జాగ్రత్త. అతను జబ్బుపడ్డాడని చెబుతాడు అనాలంటే జర్మన్‌లో లోపలి వాక్యపు క్రియ చివరికి పోతుంది. యిడ్డిష్‌లో పోదు: 'ఎర్ జోగ్ట్ అజ్ ఎర్ ఇజ్ క్రాంక్'. విభక్తి ప్రత్యయాలుగా పనిచేసే చిన్న మాటల్లో జర్మన్ కొన్నిటికి ఒక విభక్తి, కొన్నిటికి ఇంకో విభక్తి పెడుతుంది. యిడ్డిష్‌లో అన్నిటి తర్వాతా ఒకటే విభక్తి. నా కోసం అనడానికి జర్మన్‌లో ఫ్యూర్ మిష్, యిడ్డిష్‌లో 'ఫార్ మీర్'. భూతకాలం ఎప్పుడూ సహాయక క్రియతోనే: 'ఇఖ్ హోబ్ గెజెన్', నేను చూశాను. నేర్చుకోవడానికి ఇవన్నీ సుఖంగా ఉంటాయి. అదే ప్రమాదం. జర్మన్ బీ2 స్థాయి పరీక్ష ముందున్నవాళ్లు ఇది ముట్టుకోవద్దు. క్రియ మధ్యలో పెట్టే అలవాటు ఒకసారి పడితే పరీక్ష వ్యాసంలో మార్కులు పోతాయి. పరీక్ష అయ్యాక ఎంతైనా చెయ్యండి.

కోర్సు ఇంగ్లీషు నుంచే ఉంది, తెలుగు నుంచి లేదు. దీనివల్ల ఒక అనవసరపు ఇబ్బంది వస్తుంది. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట. యిడ్డిష్‌లో నువ్వుకి 'డు', మీరుకి 'ఇర్'. ఆ 'ఇర్' అచ్చం మన మీరు లాగే గౌరవానికీ పనికొస్తుంది, పదిమందికీ పనికొస్తుంది. జర్మన్ 'జీ' అలవాటైనవాళ్లు అది మర్చిపోవాలి. అనువాదం అడిగినప్పుడు ఇంగ్లీషు వాక్యం చూడకుండా మనసులో తెలుగు చేసుకుని, ఎవరితో మాట్లాడుతున్నామో అనుకుని జవాబు రాస్తే నిలకడ వస్తుంది.

టైపింగ్ సంగతి. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ సెట్టింగుల్లో లాంగ్వేజెస్‌లోకి వెళ్లి కీబోర్డు చేర్చమంటే యిడ్డిష్ దొరుకుతుంది. ఫోన్లో యాప్ ఎక్కువగా మాటల ముక్కలు ఇచ్చి నొక్కి పేర్చమంటుంది. దాంతో అన్నీ వచ్చేసినట్టు భ్రమ కలుగుతుంది. బ్రౌజర్లో తెరిచి కీబోర్డుతో రాసే పద్ధతి ఎంచుకోండి, అప్పుడు తెలుస్తుంది ఎంత వచ్చో. ఇంకో సాంకేతిక తలనొప్పి: జంట యూద్‌ని కంప్యూటర్లో ఒకే అక్షరంగానూ రాయొచ్చు, రెండు విడి యూద్‌లుగానూ రాయొచ్చు. జంట వోవ్ అక్షరానికీ అంతే. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, యంత్రానికి కావు. నిఘంటువులో వెతికితే మాట దొరకలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. జంటని చెరిపి ఇంకో రకంగా కొట్టి చూడండి. అలెఫ్ కింది గుర్తులకీ ఇదే జబ్బు ఉంది. వాట్సాప్‌లో తెలుగు, యిడ్డిష్ ఒకే వరసలో రాస్తే ఎడమ కుడి దిశలు కలిసిపోయి ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం ఎక్కడికో గెంతుతాయి. ఒక్కో భాషకి ఒక్కో వరస పెట్టుకోండి.

ఉచిత ఖాతాలో ప్రకటనలు వస్తాయి, రోజుకింత వాడకం అని పరిమితీ ఉంటుంది. యిడ్డిష్ ఒక్కదాని కోసం డబ్బు కట్టి చందా తీసుకోవడం దండగ. ఆ డబ్బు పుస్తకానికి పెట్టండి. 2020లో వచ్చిన 'ఇన్ ఏయ్నెమ్' అనే రెండు సంపుటాల పాఠ్యపుస్తకం యిడ్డిష్ బుక్ సెంటర్‌దే. బొమ్మలూ సంభాషణలూ ఉన్నాయి, కానీ తరగతి కోసం రాసింది కాబట్టి ఒంటరిగా చేసేవాళ్లు నెమ్మదిగా పోవాలి. 1949లో ఉరియెల్ వైన్‌రైఖ్ రాసిన 'కాలేజ్ యిడ్డిష్' పాతబడింది గానీ, వ్యాకరణం ఒక క్రమంలో చదవాలనుకునేవాళ్లకి ఇప్పటికీ గట్టిదే.

కోర్సు పూర్తయ్యాక చాలామంది నేరుగా పుస్తకాల మీద పడతారు. యిడ్డిష్ బుక్ సెంటర్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్హర్స్ట్ ఊళ్లో ఉంది. 1980లో ఆరన్ లాన్‌స్కీ మొదలుపెట్టాడు. చదివేవాళ్లు లేక చెత్తలోకి పోబోతున్న పుస్తకాలని ఇళ్లనుంచి మోసుకొచ్చి నిలబెట్టిన సంస్థ అది. 11,000కు పైగా పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, లోపలి మాటలు వెతకడానికి కూడా వీలుంది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు తిరగేసినవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే దించుకున్న మొదటి పుస్తకమే చాలామందిని భయపెడుతుంది. కారణం వ్యాకరణం కాదు, రాత. 1937కి ముందరి అచ్చుల్లో జర్మన్‌ని చూసి పెట్టిన మూగ అక్షరాలు ఉంటాయి. ఏడాది అనే 'యోర్' మధ్యలో ఒక హేయ్ దూరి ఉంటుంది. పలకని ఆ హేయ్‌లని, అదనపు అయిన్‌లని వదిలేసి చదవడం అలవాటు చేసుకోవాలి. యిడ్డిష్ రచయిత షోలెమ్ అలెయ్‌ఖెమ్ చిన్న కథల కొత్త ముద్రణతో మొదలుపెడితే ఆ బాధ ఉండదు.

హసీదీల పత్రికలు చదవాలంటే ఇబ్బంది ఇంకో రకం. విలియమ్స్‌బర్గ్ వారపత్రికలు అక్షరాల కింది గుర్తులు చాలావరకు పెట్టవు. ఇంగ్లీషు మాటలు ధారాళంగా వాడతాయి. యాప్ కష్టపడి నేర్పించిన మూడు లింగాలు, విభక్తులు హసీదీల మాటల్లో దాదాపు కరిగిపోయాయి. యాప్ గొంతు వాళ్లది, యాప్ వ్యాకరణం వాళ్లది కాదు. ప్రామాణిక రాతలో ఇవాళ్టి వార్తలు కావాలంటే ఫోర్‌వెర్ట్స్ ఉంది. 1897లో న్యూయార్క్‌లో పుట్టిన ఆ పత్రిక 2019 నుంచి అచ్చు మానేసి ఇంటర్నెట్లోనే వస్తోంది. కోర్సు సగం దాటినప్పటినుంచే రోజుకి దాంట్లో ఒక శీర్షిక, మొదటి పేరా చదవడం మొదలుపెట్టొచ్చు.

నోరు తిరగాలంటే మాత్రం మనిషి ఎదురుగా ఉండాలి. యీవో, వర్కర్స్ సర్కిల్ లాంటి న్యూయార్క్ సంస్థలు జూమ్‌లో తరగతులు నడుపుతాయి. ఫీజు డాలర్లలో. అక్కడ సాయంత్రం 7 గంటల తరగతి అంటే మనకి వేసవిలో తెల్లవారుజామున 4:30, చలికాలంలో 5:30. ఆదివారం ఉదయం 11 గంటల బ్యాచ్ దొరికితే మనకి రాత్రి 8:30 లేదా 9:30 అవుతుంది, అదే వీలు. మార్చిలోనూ నవంబర్‌లోనూ అమెరికా గడియారం ఒక గంట మారుతుంది. ఫోన్ క్యాలెండర్లో తరగతిని మన టైముతో కాకుండా న్యూయార్క్ టైముతో పెట్టుకుంటే ఆ వారం తరగతి తప్పదు.